మూడు ఫ్రేములు, ముగ్గురల్లుళ్ళు

నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటే, చదివేవారికి దాన్ని వెతికి పట్టుకునే శ్రమ తప్పుతుంది. ఒక బల్లకి ఒకటే పెత్తనం ఉండాలని నలుగురికీ చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. అలాంటివాణ్ణి గోదావరి జిల్లాలకు వెళ్ళి ఒకే బల్లకి మూడు పెత్తనాలు కట్టబెట్టాను. తెలియక కాదు. అన్నీ తెలిసి, కడుపు నిండా తిని, మూడు ఊళ్ళలో మూడుసార్లు "సరేనండి" అని చేసిన పని అది.

మాది అనంతపురం వైపు. ఉద్యోగం హైదరాబాదులో, సౌండు సామాను అమ్మే కంపెనీలో. కొన్నవారి ఊరికి వెళ్ళి, సామాను బిగించి, అది పలికేదాకా ఉండి రావడం నా పని. సామాను పలక్కపోతే కొన్నవారు పలుకుతారు. ఆ పలుకులు వినడం కూడా నా పనే.

చేతికొక సెల్‌ఫోను వచ్చిన కొత్త రోజులవి. రాజమండ్రిలో మైకు సూర్యనారాయణగారని ఒక పెద్దాయన ఉండేవారు. గొట్టం మైకుల కాలం నుంచి ఆ వ్యాపారంలో ఉన్న మనిషి. ముగ్గురు కూతుళ్ళు. ముగ్గురల్లుళ్ళూ ఆయన దగ్గరే పని నేర్చుకుని, నిడదవోలులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు, కాకినాడలో ఒకరు మైకుల షాపులు పెట్టుకున్నారు. ఆ మాఘమాసంలో రాజమండ్రి రైసుమిల్లు యజమాని ఒకాయన, కూతురి పెళ్ళి రిసెప్షనుకి చెన్నై నుంచి పెద్ద ఆర్కెస్ట్రాను పిలిపిస్తున్నాడు. సౌండు విజయవాడ నుంచి తెప్పిద్దామనుకుంటే సూర్యనారాయణగారు అడ్డుపడ్డారు. "మా అల్లుళ్ళు ముగ్గురూ కలిసి చేస్తారు, పూచీ నాది" అని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టడానికి అల్లుళ్ళు మా కంపెనీ దగ్గర తలా ఒక ఫ్రేము కొన్నారు.

ఫ్రేమంటే గోడకు తగిలించేది కాదు. పాటకచేరీ జరిగేచోట ఒకాయన పెద్ద బల్ల ముందు కూర్చుని, వరసగా ఉన్న మీటల్ని పైకీ కిందికీ జరుపుతూ ఉంటాడు కదా. ఒక మీట గాయకుడి గొంతు, ఒకటి తబలా, ఒకటి వయొలిన్. ఆ మీటల్ని ఫేడర్లంటారు. ఈ కొత్త రకంలో ఆ బల్ల ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క ఒక ఫ్రేము. ఒక్కోదానికి కొన్ని ఫేడర్లు, ఒక చిన్న తెర, వెనకాల నెట్‌వర్కు తీగ గుచ్చే చోటు. మూడు ఫ్రేముల్ని పక్కపక్కన పెట్టి తీగలతో కలిపితే అంతా ఒకే బల్ల. విచిత్రమేమిటంటే, పాట ఈ బల్లలోకి రానే రాదు. పాటను మోసేది స్టేజీ పక్కనుండే వేరే పెట్టె. ఈ బల్ల నుంచి దానికి వెళ్ళేవి ఆజ్ఞలు మాత్రమే. పాట లేకుండా ఆజ్ఞలు మాత్రమే ఉన్నచోట తగువు రావడం సహజం.

ఆ తగువు రాకుండా ఉండటానికే, సెటప్ పేజీలో ఏదో ఒక ఫ్రేమును 'మెయిన్' అని పెట్టాలి. మిగతావి దాని మాట వింటాయి. ఫ్రేము ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం అదే మెయిన్, లేకపోతే కదలదు. అందుకని విడివిడిగా పరీక్షించేటప్పుడు అన్నింటినీ మెయిన్‌గానే ఉంచి, కలిపే రోజున ఒకదాన్ని వదిలేసి మిగతావాటి హోదా తగ్గిస్తాం. రెండు నిమిషాల పని.

ఫ్రేముల్ని నేరుగా రాజమండ్రికే పంపితే ఈ యాత్రా ఉండేది కాదు, ఈ కథా ఉండేది కాదు. కానీ కొత్త సామాను ముందు తమ గడప తొక్కాలని ముగ్గురూ ఎవరి ఫ్రేము వారి ఊరికే తెప్పించుకున్నారు. దాంతో మూడు ఊళ్ళూ తిరిగి మూడు గడపలూ తొక్కే భాగ్యం నాకు పట్టింది.

నిడదవోలులో పెసరట్టు

తెల్లవారి నిడదవోలులో రైలు దిగేసరికి, నిడదవోలు అల్లుడుగారు స్వయంగా స్టేషనుకి వచ్చారు. నెరిసిన మీసం, నిదానం మనిషి. రెండో కూతురి భర్త. ఆటోలో కాలవగట్టు వెంబడి వెళ్తుంటే నేను నీళ్ళకేసి అలాగే చూస్తూ ఉండిపోయాను. మా అనంతపురంలో నీళ్ళు కనబడితే ఆగి చూస్తాం. ఇక్కడ నీళ్ళు లేని చోటు కనబడితే ఆగి చూడాలి.

రెండో వింత, మర్యాద. మా వైపు "ఏమప్పా" అంటే అందులో బోలెడంత ప్రేమ ఉన్నట్టు. ఇక్కడ ప్రతి మాటకీ చివర 'అండి' తగిలిస్తారు. మా ఆటోకి అడ్డం వచ్చిన గేదెతో కూడా డ్రైవరు "కాస్త పక్కకి జరగండమ్మా" అన్నాడు. అది జరిగింది కూడా. ఆ జరగడం చూసైనా నాకు బుద్ధి రావలసింది. 'అండి' చివర ఉన్నది విన్నపం కాదు, ఆజ్ఞ అని.

హోటల్లో ఉప్మా పెట్టిన పెసరట్టు పదిహేను రూపాయలు. మాకు పొద్దున్నే బొరుగులతో ఉగ్గాని చేసుకుని మిరపకాయ బజ్జీ నంజుకోవడం అలవాటు. టిఫినులో ఇంకో టిఫిను పెట్టుకుని తినడం అక్కడే చూశాను. అల్లప్పచ్చడి మాత్రం మా మిరపకాయకి ఏమాత్రం తీసిపోలేదు.

షాపులో ఫ్రేముకి పూజ ఏర్పాటైంది. పంతులుగారు ఉదారంగా కుంకం చల్లారు. అది ఫేడర్ల సందుల్లోంచి లోపలికి దిగిపోయింది. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని వెతుకుతూ ఆయన చూపు ఫ్రేము మూల దగ్గర ఆగింది.

"దానిమీద కాదండీ" అన్నాను, రెండు చేతులూ అడ్డం పెట్టి.

"కొత్త లారీకైతే బంపరు మీద కొడతామండి" అన్నారాయన, నొచ్చుకుంటూ.

కాయ గుమ్మం మీద పగిలింది. నేను పెయింటు బ్రష్షు తెప్పించుకుని, మధ్యాహ్నం దాకా ఫేడర్ల సందుల్లో కుంకం ఊడుస్తూ కూర్చున్నాను. పని అయ్యేసరికి అల్లుడుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఇంజనీరుగారూ, ఒక్క మాటండి. దీనికేదో మెయిన్ అని ఉంటుందంట కదా."

"ఉంటుందండి. మూడింట్లో ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఎలాగండీ. కాకినాడాయన పెద్దమ్మాయిని చేసుకున్నాడు కాబట్టి పెద్దల్లుడంటారు గానీ, వయసులో నాకంటే బాగా చిన్న. అయినా నన్ను 'తమ్ముడుగారూ' అని పిలుస్తాడండి, ఈ మీసం చూస్తూ."

"మీరేమని పిలుస్తారు?"

"అన్నయ్యగారూ అనే. ఏం చేస్తాం, వరస. ఈ ఒక్కదాంట్లోనైనా వయసుకి విలువిద్దాం. మాదే మెయిన్ చెయ్యండి. ఎవరికీ చెప్పక్కర్లేదు."

విడిగా ఉన్నంతసేపూ అది ఎలాగూ మెయినే కదా, అబద్ధం ఏముందని "సరేనండి" అన్నాను. ఆ మాట అన్నాక వడ్డించిన కంద బచ్చలి కూర మరింత రుచిగా ఉంది.

వంతెన మీద ఒక పొర

నిడదవోలు నుంచి రాజమండ్రికి పాసింజరు రైలు. ఎదుటి సీట్లో ఒకావిడ, ఒళ్ళో ఒక బుట్ట. కొవ్వూరు దాటగానే గోదావరి మొదలైంది. పెట్టెలో అందరూ చిల్లర తీసి నీళ్ళలోకి విసిరారు. నాకు చిల్లర లేకపోతే ఆవిడే రూపాయి ఇచ్చి, "మీరూ వెయ్యండి, దాని సొమ్ము దానికే" అన్నారు. నదిని ఇంటి మనిషిలా 'అది' అనడం నాకు నచ్చింది. మా పెన్నలో రూపాయి వేస్తే ఇసకలోంచి ఏరి తిరిగి ఇచ్చేస్తారు.

పూతరేకులు అమ్మేవాడొస్తే, అంతవరకు తినలేదు కాబట్టి రెండు కొన్నాను. పైన చుట్టిన పల్చటి తెల్ల కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి కిటికీలోంచి పారేశాను. ఇంకో పొర కాగితం కనబడింది. అదీ పారేశాను. మూడో పొర దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంటి బాబూ, తినేదంతా గోదాట్లో కలిపేస్తున్నారు?"

"కాగితం కదండీ."

"కాగితమేంటి నా మొహం. బియ్యప్పిండి రేకు. ఇంకాస్త ఆగితే చేతిలో బెల్లం ఒక్కటే మిగిలేది. ఏ ఊరండీ మీది?"

అనంతపురమని చెబితే పరువు పోతుందని హైదరాబాదు అన్నాను.

"అనుకున్నా" అన్నారావిడ, పెట్టెలో అందరికీ వినబడేలా.

రాజమండ్రిలో గులాబి పాలు

రాజమండ్రి అల్లుడుగారు చిన్నవాడు. మూడో కూతురి భర్త. ఇన్‌షర్టు, నడుముకి రెండు సెల్‌ఫోన్లు. దిగగానే మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్కు తాగించారు. గ్లాసు పది రూపాయలు. నాలుక మీద ఆ గులాబి రంగు రాత్రి దాకా పోలేదు. గాలి తిరిగినప్పుడల్లా కాగితం మిల్లు వాసన వస్తోంది. నేను ముక్కు ముడిస్తే, "ఏం వాసనండీ?" అని ఆశ్చర్యంగా అడిగారు. ఊరివాళ్ళకి అది ఎప్పుడో వాసన కాకుండా పోయింది.

సాయంత్రం సూర్యనారాయణగారింటికి తీసుకెళ్ళారు. పంచె, బనీను, చెవి పక్కన కలం. చూడగానే ఆయన అడిగిందొకటే. "బాబూ, ముగ్గురివీ కలిస్తే ఒకే బల్లలా పన్చేస్తుందా? నిజం చెప్పండి."

"చేస్తుందండి. దాన్ని చేసిందే అందుకు."

"బల్ల సంగతి సరే" అన్నారాయన. తర్వాత ఏమీ అనలేదు.

తిరిగి వస్తూ దారిలో చిన్నల్లుడుగారు స్కూటరు ఆపారు.

"మెయిన్ ఎవరిదండీ?"

ప్రశ్న అప్పటికే నాకు చుట్టమైపోయింది. "ఇంకా అనుకోలేదండి" అన్నాను.

"అనుకోవడానికేముందండీ. ఊరు మాది. మండపం మా ఊళ్ళో. మిల్లాయన మా కస్టమరు. పొరుగూరి ఫ్రేమొచ్చి మా ఊళ్ళో మెయినేంటండీ? నలుగురూ నవ్వుతారు. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా."

చదువుకున్నవాడినన్నారు. కడుపులో చల్లటి పాలున్నాయి. "సరేనండి" అన్నాను.

కాకినాడలో కాళ్ళు

కాకినాడ బస్సులో పక్క సీటాయన, సామర్లకోట వచ్చేలోపు నా ఊరు, పెళ్ళి, జీతం, ఇంటద్దె అన్నీ రాబట్టేశారు. మా వైపు పొరుగింటాయన ఏం పని చేస్తాడో తెలుసుకోవడానికి పదేళ్ళు పడుతుంది. అన్నీ చెప్పించుకున్నాక నా చేత పైసా పెట్టనివ్వకుండా కొబ్బరిబొండం తాగించారు. ఎవరింటికని అడిగితే చెప్పాను.

"మైకు సూర్యనారాయణగారి పెద్దల్లుడా? ముగ్గురూ కలిసి చేస్తారని మాటిచ్చారంటగా ఆయన." గొంతు తగ్గించారు. "పెద్దాయన తొందరపడ్డారేమోనండి."

కాకినాడ అల్లుడుగారు నన్ను ముందు చేపల రేవుకి తీసుకెళ్ళి, ఇంటికి కావలసిన చందువా చేప నాచేతే ఎంపిక చేయించారు. నాకు చేపల్లో కళ్ళు తెరిచినదేదో మూసుకున్నదేదో కూడా తెలియదు. వేలు పెట్టి చూపించినదాన్ని చూసి చేపలావిడ నవ్వి, దాన్ని పక్కన పడేసి, వేరేది ఇచ్చింది. మధ్యాహ్నం వేపుడూ రొయ్యల ఇగురూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మా ఇంట్లో ఒకసారి వద్దంటే వద్దనే అర్థం. అక్కడ మూడుసార్లు వద్దంటే, ఇంకా మొహమాటపడుతున్నాడని అర్థం.

భోజనమయ్యాక అల్లుడుగారు అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపారు.

"ఈ కాళ్ళు చూడండి ఇంజనీరుగారూ."

చూశాను. మామూలు కాళ్ళే.

"కన్యాదానంలో మా మావగారు మొట్టమొదట కడిగిన కాళ్ళండి ఇవి. తర్వాత ఇంకో రెండు జతలు కడిగారు గానీ, మొదటివి మొదటివే. నిడదవోలాయన వయసు వయసంటాడు. వయసు ఎవరికి రాదండీ. మెయిన్ నాదే ఉండాలి."

ఇంతలో ఆయన భార్య, సూర్యనారాయణగారి పెద్దమ్మాయి, కాజాల పళ్ళెం తెచ్చారు. భర్త ఒక కాజా తిని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాక మెల్లగా అన్నారు.

"మా నాన్నగారు మాటిచ్చిన దగ్గర్నుంచీ సరిగ్గా తినట్లేదండి. వీళ్ళు ముగ్గురూ కలిసి ఏ పనీ చేసి ఎరగరు. ఇది చెడితే ఆయనిక బజార్లోకి రారు. మీరెలాగైనా కలపండి."

ఆవిడ కోరింది కలపమని. నేను చేసింది, చెయ్యి కడుక్కుని వచ్చిన భర్తతో మూడోసారి "సరేనండి" అనడం. కాకినాడ గొట్టం కాజాలో పాకం పైకి కనబడదు. కొరికాక తెలుస్తుంది, చొక్కా మీద. నా "సరేనండి"లు కూడా ఆ రకమే.

మండపంలో మూడు మెయిన్లు

రిసెప్షను రోజు పొద్దున్నే మూడు ఫ్రేములూ గోదావరి దగ్గరి కళ్యాణమండపం చేరాయి. కాకినాడ ఫ్రేము బొంతలో చుట్టుకుని వచ్చింది. నిడదవోలుది బొట్టుతో వచ్చింది. తీగలన్నీ తెచ్చి ఒక చిన్న స్విచ్చు పెట్టెలో గుచ్చాను. ఇక తెర ముట్టుకుని రెండు ఫ్రేముల హోదా తగ్గించాలి.

తగ్గించాలంటే అల్లుళ్ళు చూడకూడదు. కానీ ముగ్గురూ చేతులు కట్టుకుని నా వెనకే నిలబడ్డారు. నా మెడ మీద మూడు ఊళ్ళ గాలి తగులుతోంది. నేను ఎటు చెయ్యి చాపితే ముగ్గురి తలలూ అటు వంగుతున్నాయి. కాఫీకి పంపుదామని చూశాను.

"మీరు కానివ్వండి, మేమిక్కడే ఉంటాం" అన్నారు నిడదవోలు అల్లుడుగారు. ఒకరు కదిలితే మిగతా ఇద్దరూ ఏం చేస్తారోనని ఎవరూ కదలరు.

అప్పుడు చేశాను అసలు తెలివితక్కువ పని. మెయిన్లు ఎక్కువైతే, ముందు వెలిగినదే మెయిన్‌గా ఉండి మిగతావి వాటంతటవే తగ్గుతాయని ఎక్కడో చదివినట్టు గుర్తు. యంత్రం మీద పెట్టేస్తే నా మీద ఉండదు కదా అని, అలాగే స్విచ్చు వేశాను. నేను చదివింది వేరే మోడలు గురించి.

ఈ ఫేడర్లకి లోపల చిన్న చిన్న మోటార్లుంటాయి. మెయిన్ చెప్పిన చోటికి వాటంతటవే జరుగుతాయి. ఒక మెయిన్ పైకి వెళ్ళమంది, ఒకటి కిందికి రమ్మంది, ఒకటి మధ్యలో ఉండమంది. బల్ల నిండా ఫేడర్లు టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పది కుట్టుమిషన్లు ఒకేసారి తొక్కినట్టు చప్పుడు. పరీక్షకని పెట్టిన పాటలో తబలా స్పీకర్లలో ఒక్కసారి ఉరిమి, మాయమైపోయి, మళ్ళీ ఉరిమింది. సందుల్లో మిగిలిన కుంకం కాస్త పైకి ఎగిరింది.

సరిగ్గా అప్పుడే మిల్లాయన సూర్యనారాయణగారితో కలిసి లోపలికి వచ్చాడు.

స్విచ్చు కట్టేశాను. సూర్యనారాయణగారు అల్లుళ్ళకేసి చూశారు.

"ఏమైంది?"

"ఇంజనీరుగారు ఏదో పొరపాటు చేశారండి" అన్నారు కాకినాడ అల్లుడుగారు.

"సెట్టింగు తప్పు పెట్టారండి" అన్నారు రాజమండ్రి అల్లుడుగారు.

"కుర్రాడు కదండీ, కంగారు" అన్నారు నిడదవోలు అల్లుడుగారు, జాలిగా.

ఆ ముగ్గురూ ఒకే మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు. ఒక్కరైనా మెయిన్ సంగతి ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. ఎత్తితే తమ రహస్యం మిగతా ఇద్దరికీ తెలుస్తుంది. నేనూ ఎత్తలేదు. ముగ్గురికీ మాటిచ్చినవాడికి నోరెక్కడిది.

మిల్లాయన సెల్‌ఫోను బయటికి తీశాడు. "ఏమనుకోకండి సూర్యనారాయణగారూ. ఇప్పుడు చెబితే విజయవాడ వాళ్ళు సాయంత్రానికల్లా దిగుతారు. ఆడపిల్ల పెళ్ళి, నేను సాహసం చెయ్యలేను."

పెద్దాయన మొహం వాడిపోయింది. అయినా గొంతు నిబ్బరంగానే ఉంది. "భోజనాలయ్యేదాకా ఆగండి. అప్పటికీ పలక్కపోతే నేనే ఫోన్ చేసి పిలిపిస్తాను."

విస్తళ్ళ దగ్గర

సత్యవతిగారు, అంటే ముగ్గురల్లుళ్ళకీ అత్తగారు, క్యారియర్లు తెచ్చారు. మండపం వెనక వరండాలో విస్తళ్ళు వేశారు. నాకు ఆకలి లేదు. ఆ జిల్లాల్లో అలా జరగడం అదొక్కసారే. తినకుండా చూస్తూ కూర్చున్నాను కాబట్టే అది నా కంటపడింది.

మధ్య విస్తరి దగ్గర నిడదవోలు అల్లుడుగారిని కూర్చోబెట్టారావిడ. అటూ ఇటూ మిగతా ఇద్దరు. వడ్డన మాత్రం మధ్యలో మొదలుపెట్టలేదు. కాకినాడ అల్లుడుగారి విస్తట్లో మొదట అన్నం పెట్టి, అక్కణ్ణించి వచ్చారు. అన్నీ వడ్డించాక అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగారు. "మొదలుపెట్టండి బాబూ" అని రాజమండ్రి అల్లుడుగారితో అన్నారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావారు కలిపారు. ముగ్గురి మొహాల్లోనూ అదే తృప్తి.

నేను లేచి ఆవిడ పక్కకి వెళ్ళాను. "ఎప్పుడూ ఇలాగేనా అండీ?"

"చిన్నమ్మాయి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాగే. పండగ పండక్కీ ఒక గొడవయ్యాక కుదిరింది."

"ఈ మూడింట్లో ఏది గొప్ప మరి?"

"ఎవరిది వాళ్ళకి గొప్ప" అన్నారావిడ, సాంబారు గిన్నె నా చేతికిచ్చి. "ఊరికే నిలబడ్డారు కదా, అలా తిప్పండి."

సాంబారు తిప్పుతూ ఆలోచించాను. మెయిన్ అనేది సెటప్‌లో ఒక హోదా. అది ఉన్న ఫ్రేము మధ్యలో ఉండక్కర్లేదు. మధ్య ఫ్రేము ముందు, బల్లను నడిపేవారి కుర్చీ ఉంటుంది. అది వేరే గౌరవం. ఇక ఒకటో నెంబరు ఫేడరు ఏ ఫ్రేములో ఉండాలన్నది ఇంకో పేజీలో పెట్టుకుంటాం. అది మూడోది. ఇన్నేళ్ళుగా ఆ మూడింటినీ ఒకే ఫ్రేముకి కట్టబెట్టడం మా అలవాటు. ఎవరూ అడగలేదు కాబట్టి విడదీయలేదు.

చేతులు కడుక్కోగానే ముగ్గుర్నీ బల్ల దగ్గర నిలబెట్టాను. ఈసారి వెనక కాదు, ఎదురుగా.

"పొద్దున పొరపాటు నాదేనండి. ఈ బల్లలో మూడు పెద్దరికాలున్నాయి, నేను ఒకదాన్నే చూశాను. కాకినాడ వారిది మెయిన్. ఆజ్ఞలన్నీ దాంట్లోంచే వెళ్తాయి. నిడదవోలు వారిది నడిమి ఫ్రేము. కుర్చీ దాని ముందే. రాజమండ్రి వారిది ఒకటో నెంబరు. గాయకుడి గొంతు దాంట్లోనే మొదలవుతుంది."

కాకినాడ అల్లుడుగారు మిగతా ఇద్దరికేసి చూశారు, పోనీలే పాపం అన్నట్టు. మిగతా ఇద్దరూ ఆయనకేసి అలాగే చూశారు. ఇంకెవరూ ప్రశ్న వెయ్యలేదు. సత్యవతిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు.

రెండు హోదాలు తగ్గించి, ఫ్రేముల స్థానాలు మార్చి, నెంబర్లు రాసి, స్విచ్చు వేశాను. ఫేడర్లన్నీ ఒక్కసారి పైకి లేచి, ఒక్కసారి కిందికి దిగి, బుద్ధిగా నిలబడ్డాయి. మిల్లాయన మైకులో తన పేరు తనే చెప్పుకున్నాడు. బాగుందనిపించిందేమో, ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పాడు. ఫోను జేబులోకి వెళ్ళింది.

సాయంత్రం ఆర్కెస్ట్రా మొదలయ్యాక సూర్యనారాయణగారు ముందు వరసలో కూర్చోలేదు. నడుచుకుంటూ చిట్టచివరి కుర్చీల దాకా వెళ్ళి, ఐస్‌క్రీం తింటున్న పిల్లల మధ్య కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు. వినబడాల్సింది వెనకవాళ్ళకి అని ఆయన నమ్మకం. కొంతసేపటికి మిల్లాయన వెతుక్కుంటూ వచ్చి, "మా రెండో అమ్మాయి పెళ్ళికీ మీ వాళ్ళేనండి" అన్నాడు. పెద్దాయన కళ్ళు తెరవకుండా "ఈ పాట అవ్వనివ్వండి" అన్నారు.

హైదరాబాదుకొచ్చాక

బయల్దేరే రోజు పొద్దున్న సూర్యనారాయణగారు నన్ను పక్కకి పిలిచారు. తెల్లవారకముందే అల్లుళ్ళు ఒకరి తర్వాత ఒకరు బల్ల దగ్గర ఆ సెటప్ పేజీ కోసం వెతుకుతూ ఆయనకి దొరికిపోయారట. "దానికి తాళం లాంటిదేమైనా ఉంటే వేసెయ్యండి బాబూ. ముగ్గురూ కలిస్తే తప్ప తెరుచుకోకూడదు."

పాస్‌వర్డు పెట్టాను. దాన్ని మూడు ముక్కలు చేసి ముగ్గురికీ విడివిడిగా చెవిలో చెప్పాను. ముగ్గురూ మురిసిపోయారు. రైలెక్కించడానికి వచ్చిన ఆ ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడి, నేను వింటుండగానే చెప్పుకున్నారు. "మంచి కుర్రాడేనండి, కాస్త అనుభవం తక్కువ." "నేర్చుకుంటాడులెండి." నేను ఆఫీసు చేరేలోపు మా మేనేజరుకి కూడా ఆ మాట చేరింది. "ముగ్గురు కస్టమర్లు విడివిడిగా ఫోన్ చేసి ఒకే మాట చెప్పారంటే నిజమే అయుంటుంది కదయ్యా" అన్నాడాయన, నన్ను ఓ వారం శిక్షణ తరగతిలో కుర్రాళ్ళ పక్కన కూర్చోబెడుతూ. అక్కడ మొదటి పాఠం, ఒక బల్లకి ఒకటే మెయిన్. దాన్ని రాసింది నేనే.

వాళ్ళకి నేను చెప్పనిది ఒకటుంది. ఎవరి ముక్క ముందో, ఎవరిది తర్వాతో. 

వేసవిలో మిల్లాయన రెండో కూతురి పెళ్ళి కుదిరింది. ఈసారి మైకులు ఎక్కువ, సెటప్ మార్చాలి, తాళం తియ్యాలి. ముందు కాకినాడ నుంచి ఫోనొచ్చింది. "ఊరికే అడుగుతున్నానండి, మా ముక్కే ముందు కదా?" తర్వాత నిడదవోలు. తర్వాత రాజమండ్రి. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పాను. ముగ్గురూ ఒకచోట కూర్చుని, ఒకే ఫోను నుంచి అడిగితే చెబుతానని.

రెండు రోజుల తర్వాత సూర్యనారాయణగారింటి నుంచి ఫోను మోగింది. ఎత్తగానే మూడు గొంతులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. "ఇంజనీరుగారూ, కలిసే ఉన్నామండి", "స్పీకర్లో పెట్టామండి", "వరస చెప్పండి, రాసుకుంటాం."

"తప్పకుండా చెప్తానండి" అన్నాను. "ముగ్గురూ ఒకేసారి మాట్లాడితే నాకు వినబడట్లేదు. ముందు మీలో పెద్దవారు ఎవరో, వారొక్కరూ మాట్లాడండి."

అవతల పంకా తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఎవరో గొంతు సవరించుకుని, మానేశారు. కాఫీ గ్లాసు ఒకటి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దూరంగా సత్యవతిగారి నవ్వు లాంటిది కూడా వినిపించింది. నేను తొందరపెట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బల్ల మీదికి చాపుకుని, లైనులోనే ఉన్నాను. బిల్లు వాళ్ళది.